మిజుకో జిజో

మిజుకో జిజో జపాన్ బౌద్ధాలయాల్లోనూ శ్మశానాల్లోనూ కనిపించే ఒక బోధిసత్వ రూపం. కడుపులోనే పోయిన పిండాలకు, చచ్చిపుట్టిన బిడ్డలకు, పురిటి రోజుల్లోనే కన్నుమూసిన శిశువులకు రక్షకుడిగా ఈ విగ్రహాన్ని నిలుపుతారు. మిజుకో అంటే జపాను భాషలో 'నీటి బిడ్డ'. జిజో అంటే సంస్కృత బౌద్ధ గ్రంథాలు చెప్పే క్షితిగర్భ బోధిసత్వుడు. గుండు చేయించుకున్న భిక్షువు వేషం, పసిపిల్లవాడి ముఖం, తలకు ఎర్రటి అల్లిక టోపీ, మెడలో ఎర్రటి చొంగగుడ్డ దీని గుర్తులు. మూరెడు ఎత్తైనా లేని ఇలాంటి రాతి విగ్రహాలు కొన్ని ఆలయాల్లో వందలుగా, వేలుగా బారులు తీరి ఉంటాయి. పోయిన బిడ్డ పేరున వీటి ముందు జరిపే కర్మను 'మిజుకో కుయో' అంటారు.

నాచు పట్టిన రాళ్లను, వరుసలు తీరిన బొమ్మలను చూసినవారు దీన్ని అనాది ఆచారం అనుకుంటారు. అందులో సగమే నిజం. ఇక్కడ కొలువైన బోధిసత్వుడు పాతవాడు, ఆయన చుట్టూ అల్లుకున్న పరలోక కథ కూడా కొన్ని శతాబ్దాల నాటిది. కానీ పుట్టని బిడ్డకు విడిగా ఒక విగ్రహం నిలిపి, ఆలయంలో కర్మ చేయించడం దేశమంతటా పాకింది 1970ల నుంచే. దాని వెనుక యుద్ధానంతర జపాన్ చట్టాలు, కుటుంబాలు, ఆలయాల ఆర్థిక స్థితి అన్నీ ఉన్నాయి.

క్షితిగర్భుడు: భారతదేశం నుంచి జపాన్ వరకు

మహాయాన బౌద్ధం చెప్పే ఎనిమిది మంది మహాబోధిసత్వుల్లో క్షితిగర్భుడు ఒకడు. ఎల్లోరా 12వ గుహలో ఈ అష్ట బోధిసత్వుల శిల్పాలున్నాయి. శాంతిదేవుడి 'శిక్షాసముచ్చయం' క్షితిగర్భుడి పేరున్న సూత్రం నుంచి భాగాలను ఉదాహరించింది. అయినా భారతదేశంలో ఆయనకు ప్రత్యేకమైన ఆరాధన పెద్దగా సాగిన జాడ లేదు. ఆయనకు జనాదరణ దక్కింది చైనాలో.

ఆయనను ప్రస్తావించే 'దశచక్ర క్షితిగర్భ సూత్రాన్ని' హ్యూయన్‌త్సాంగ్ 651లో చైనా భాషలోకి అనువదించాడు. అంతకంటే ప్రసిద్ధమైనది క్షితిగర్భుడి పూర్వ ప్రణిధాన సూత్రం. ఖోటాన్‌కు చెందిన శిక్షానందుడు దీన్ని అనువదించాడని సంప్రదాయం చెబుతుంది. ఈ గ్రంథం మధ్య ఆసియాలోనో చైనాలోనో పుట్టి ఉంటుందని పలువురు పండితుల అభిప్రాయం. బుద్ధుడు త్రయస్త్రింశ స్వర్గంలో తల్లి మాయాదేవికి ధర్మం బోధిస్తున్న సందర్భం ఇందులో చట్రం. క్షితిగర్భుడు ఒక పూర్వజన్మలో బ్రాహ్మణ కన్య. నరకంలో పడిన తల్లి కోసం ఆ పిల్ల ఇల్లు అమ్మి, ఆ సొమ్ముతో బుద్ధ పూజ చేసి, తల్లికి విముక్తి కలిగించింది. నరకాలు ఖాళీ అయ్యేదాకా తాను బుద్ధత్వం పొందనని ఆ తర్వాత పట్టిన శపథమే ఈ బోధిసత్వుడికి ఆయువుపట్టు. శాక్యముని నిర్యాణానికి, మైత్రేయ బుద్ధుడి రాకకు నడుమ బుద్ధుడు లేని కాలంలో ఆరు లోకాల జీవులనూ కాపాడే బాధ్యత ఆయనదే.

చైనాలో అన్హుయి రాష్ట్రంలోని జియుహువా పర్వతం ఆయన క్షేత్రం. జపాన్‌కు ఈ ఆరాధన నారా కాలంలో, అంటే 8వ శతాబ్దంలో చేరింది. హెయాన్ కాలం చివర, కమకుర కాలంలో జనంలోకి వెళ్లింది. 12వ శతాబ్దపు కథాసంకలనం 'కొంజకు మొనొగతరిషూ' 17వ సంపుటంలో జిజో మహిమలు చెప్పే కథలు వరసగా వస్తాయి. పెద్ద యాగాలు చేయించలేని, విహారాలు కట్టించలేని మామూలు మనిషి కూడా నోరారా పిలిస్తే నరకం అంచుదాకా వచ్చి చేయి పట్టుకుంటాడన్నది ఆ కథల సారం. మన యముడే బౌద్ధంతో పాటు జపాన్ చేరి 'ఎన్మ' అయ్యాడు. తీర్పు చెప్పే ఎన్మకు అసలు రూపం జిజోయేనన్న నమ్మకమూ అక్కడ స్థిరపడింది. శిక్షించేవాడూ కాపాడేవాడూ ఒక్కడే అన్నమాట.

విగ్రహ లక్షణాలు

బోధిసత్వులను సాధారణంగా కిరీటాలతో, హారాలతో రాజకుమారుల్లా మలుస్తారు. జిజో మాత్రం నగలు లేని భిక్షువు. కుడిచేతిలో ఉంగరాలు గలగలమనే దండం 'షకుజో', ఎడమచేతిలో చింతామణి ఉంటాయి. దండానికుండే ఆరు ఉంగరాలు ఆరు లోకాలకు గుర్తని చెబుతారు. శ్మశానాల ముఖద్వారం దగ్గర లోకానికొకరు చొప్పున ఆరుగురు జిజోలను నిలిపే పద్ధతి ఉంది. దాన్ని 'రొకు జిజో' అంటారు. ఊరి పొలిమేరలను, దారులను కాచే స్థానిక దేవతల పనినీ కాలక్రమంలో జిజోకే అప్పగించారు. అందుకే కూడళ్లలో, పొలం గట్ల మీద, వంతెనల పక్కన కూడా ఆయన రాతి బొమ్మలు కనిపిస్తాయి.

ఒక్కో అవసరానికి ఒక్కో జిజో ఉన్నాడు. సుఖప్రసవానికి కొయసు జిజో, పిల్లల పెంపకానికి కొసొదతె జిజో, మన కష్టం తన మీద వేసుకునేందుకు మిగవరి జిజో. టోక్యోలోని సుగమోలో కోగన్-జి ఆలయపు 'ముల్లు తీసే జిజో' వృద్ధులకు ఇష్టదైవం. మిజుకో జిజో ఈ వరసలో అందరికంటే చివర చేరినవాడు. ఈ రూపంలో కొన్నిసార్లు చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు, కాళ్ల దగ్గర పసివాళ్లు ఆయన వస్త్రం పట్టుకుని వేలాడుతున్నట్టు మలుస్తారు. మరికొన్ని ఆలయాల్లో విగ్రహమే పసిబిడ్డలా ఉంటుంది. ఆ చిన్న బొమ్మ కాపాడే బోధిసత్వుడూ అవుతుంది, పోయిన బిడ్డకు ప్రతిరూపమూ అవుతుంది.

ఎరుపు రంగుకు జపాన్‌లో కీడును, రోగాన్ని తరిమే శక్తి ఉందని పాత నమ్మకం. మశూచి సోకిన పిల్లలకు ఎర్ర గుడ్డలు కట్టేవారు. చంటిపిల్లల టోపీ, చొంగగుడ్డ జిజోకు తొడగడంలో బిడ్డకు చలి వేయకూడదన్న తల్లి ఆరాటం, ఈ బిడ్డను గుర్తించమని బోధిసత్వుడికి చేసే వినతి రెండూ ఉన్నాయి. విగ్రహాల ముందు పాల సీసాలు, మిఠాయిలు, బొమ్మలు, గాలికి తిరిగే రంగు కాగితాల చక్రాలు పెడతారు.

సాయ్ నో కవారా: పిల్లల పరలోకం

తల్లిదండ్రుల కంటే ముందు చనిపోయిన పిల్లలు పరలోకంలో 'సాయ్ నో కవారా' అనే రాళ్ల రేవుకు చేరతారని జపాన్ జానపద విశ్వాసం. మన వైతరణి లాగే చనిపోయినవారు దాటాల్సిన సంజు నది ఒడ్డున ఆ రేవు ఉంటుంది. కన్నవారి రుణం తీర్చకుండానే, పుణ్యం కూడబెట్టకుండానే వచ్చేశారు గనుక పిల్లలు అక్కడ గులకరాళ్లు ఏరి చిన్న చిన్న స్తూపాలు పేరుస్తారు. పొద్దు వాలేసరికి రాక్షసులు వచ్చి వాటిని కూలదోస్తారు. ఏడుస్తున్న పిల్లలను జిజో తన అంగీ మడతల్లో దాచి, ఇకమీద మీ అమ్మా నాన్నా నేనేనని ఊరడిస్తాడు. ఈ కథను చెప్పే శోకగీతాన్ని 10వ శతాబ్దపు భిక్షువు కూయా రచనగా చెప్పడం పరిపాటి. అది మనకు తెలిసిన రూపం మాత్రం చాలా తర్వాతి కాలానిది. మూలసూత్రాల్లో ఎక్కడా లేని ఈ కథ జపాన్ నేల మీద పుట్టినదే.

ఈ కథ వల్లనే జిజో విగ్రహాల దగ్గర యాత్రికులు రాయి మీద రాయి పేరుస్తారు. ఇక్కడ ఒక రాయి పెడితే అక్కడ ఆ బిడ్డ పని అంత తగ్గుతుందని నమ్మకం. దేశంలో చాలాచోట్ల సాయ్ నో కవారా అని పిలిచే నిజమైన ప్రదేశాలున్నాయి. వాటిలో పేరుపడ్డది అఒమొరి రాష్ట్రంలోని ఒసొరెజన్ కొండ. గంధకపు ఆవిర్లు చిమ్మే బూడిదరంగు నేల, పక్కనే ఉసొరి సరస్సు, రాళ్ల గుట్టలు, వాటి మీద తిరిగే కాగితపు చక్రాలు అక్కడి దృశ్యం. అక్కడి బొదై-జి ఆలయాన్ని 862లో ఎన్నిన్ అనే భిక్షువు స్థాపించాడని సంప్రదాయం. ఏటా జూలై 20 నుంచి 24 వరకు జరిగే ఉత్సవానికి, పోయినవారి మాట పలికించే 'ఇతకో' అనే గుడ్డి సోదె స్త్రీల కోసం దూరప్రాంతాల నుంచి జనం వస్తారు.

ఎడో కాలం: లెక్కలోకి రాని బిడ్డలు

1603 నుంచి 1868 దాకా సాగిన ఎడో కాలంలో శిశుమరణాలు చాలా ఎక్కువ. ఏడేళ్లు నిండేదాకా బిడ్డ దేవుళ్ల సొత్తేనన్న భావం వాడుకలో ఉండేది. అంతకు ముందే పోతే పెద్దవారికి చేసినట్టు పూర్తి అంత్యక్రియలు చేసేవారు కాదు. బిడ్డ త్వరగా తిరిగి పుట్టాలంటే పెద్ద కర్మలతో పరలోకానికి సాగనంపకూడదని అనుకునేవారు. కొన్ని కుటుంబాలు మాత్రం పిల్లల సమాధిరాళ్ల మీద జిజో రూపం చెక్కించేవి. అలాంటి రాళ్లు పాత శ్మశానాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

పేదరికం వల్లనో, ఇంటి స్తోమతను బట్టి సంతానం ఇంతే ఉండాలన్న ఆలోచన వల్లనో పుట్టిన బిడ్డను అప్పుడే చంపేయడం కొన్ని ప్రాంతాల్లో ఉండేది. వరి నారును పలచన చేసే పనికున్న 'మాబికి' అన్న పేరే దీనికీ వాడారు. తూర్పు జపాన్‌లోని సంస్థానాలు దీన్ని ఆపడానికి గర్భిణుల పేర్లు నమోదు చేయించాయి, పిల్లల పోషణకు డబ్బు ఇచ్చాయి. ఇబరకి రాష్ట్రంలో తొనె పట్టణపు తొకుమన్-జి జిజో మందిరంలో ఆనాటి చిత్రఫలకం ఒకటి ఉంది. బాలింత తన బిడ్డను అదిమి చంపుతుంటే, తెర మీద పడిన ఆమె నీడకు కొమ్ములుంటాయి, పక్కన జిజో ఏడుస్తుంటాడు. జపాన్ జానపద అధ్యయనానికి ఆద్యుడైన యనగిత కునియో చిన్నతనంలో ఈ చిత్రం చూసి చలించిపోయినట్టు రాసుకున్నాడు.

పుట్టని బిడ్డలకు సామూహిక స్మారకం కూడా ఈ కాలంలోనే వచ్చింది. 1657 నాటి మెయిరెకి అగ్నిప్రమాదంలో చనిపోయిన దిక్కులేనివారి కోసం ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ర్యోగొకు దగ్గర ఎకో-ఇన్ ఆలయం వెలసింది. ప్రభుత్వ ప్రధాన సలహాదారు మత్సుదైర సదనొబు ఆదేశంతో 1793లో అక్కడ మిజుకోల స్మారక కట్టడం నిర్మించారు. అది ఊరందరి తరఫున నిలిపినది. ఒక్కో తల్లి తన బిడ్డ పేరున నిలిపే విగ్రహం కాదు.

1948 చట్టం, ఆ తర్వాతి కాలం

ఎడో కాలం ముగిశాక వచ్చిన మెయిజి ప్రభుత్వం గర్భవిచ్ఛిత్తిని నేరం చేసింది. 1880 నాటి శిక్షాస్మృతిలో, 1907 శిక్షాస్మృతిలో ఈ నిషేధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తిండి కొరత, ఇళ్ల కొరత, వలస దేశాల నుంచి తిరిగొచ్చిన లక్షల మంది, ఒక్కసారిగా పెరిగిన జననాలు ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టాయి. 1948లో వచ్చిన 'యూజెనిక్ సంరక్షణ చట్టం' కొన్ని కారణాల మీద గర్భవిచ్ఛిత్తిని అనుమతించింది. 1949 సవరణ ఆర్థిక కారణాలను చేర్చింది, 1952 సవరణ అనుమతుల తతంగాన్ని తగ్గించింది. 1955లో నమోదైన గర్భవిచ్ఛిత్తులు సుమారు 11 లక్షల 70 వేలు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు సుమారు 17 లక్షల 30 వేలు. గర్భనిరోధక మాత్రకు జపాన్‌లో అనుమతి వచ్చింది 1999లో. అంతదాకా చాలా కుటుంబాలు సంతాన నియంత్రణకు గర్భవిచ్ఛిత్తి మీద కూడా ఆధారపడ్డాయి. చేయించుకున్నవారిలో ఎక్కువమంది అప్పటికే పిల్లలున్న పెళ్లయిన స్త్రీలు.

ఆ తరం స్త్రీలు నడివయసుకు వచ్చాక 1970లలో మిజుకో కుయో పుంజుకుంది. సైతమ రాష్ట్రం చిచిబు ప్రాంతంలో 1971లో వెలసిన షియున్‌జన్ జిజో-జి ఆలయం ఇందులో మొదటి పెద్ద మజిలీ. దీన్ని స్థాపించిన హషిమొతో తెత్సుమ మితవాద రాజకీయాల మనిషి. ప్రారంభానికి నాటి ప్రధాని సతో ఎయిసకు హాజరయ్యారు. పూర్తిగా మిజుకోల కోసమే ఏర్పడిన ఈ ఆలయపు కొండవాలు మీద పది వేలకు పైగా జిజో విగ్రహాలున్నాయి. ఆర్థిక కారణాల వెసులుబాటును చట్టం నుంచి తీసేయాలని కొన్ని మత సంస్థలు 1970లలో, 1980ల మొదట్లో ఉద్యమించాయి. మహిళా సంఘాలు ఎదురు నిలవడంతో ఆ ప్రయత్నం నెగ్గలేదు. ఈ రాజకీయాల నీడ ఆచారం మీదా పడింది.

మిజుకో కుయో జరిపే తీరు

దీనికి దేశమంతటికీ ఒకే పద్ధతి లేదు. ఆలయాన్ని బట్టి, శాఖను బట్టి మారుతుంది. తల్లి గానీ దంపతులు గానీ ఆలయంలో నమోదు చేయించుకుంటారు. పూజారి ధూపం వేసి, ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం వంటి పాఠాలు, జిజో స్తోత్రాలు చదువుతాడు. 'తోబ' అనే సన్నని పొడవాటి చెక్క పలక మీద మృతుడి కోసం అక్షరాలు రాసి నిలుపుతారు. కోరినవారికి బిడ్డ పేరున చిన్న జిజో విగ్రహం ఇస్తారు. దాన్ని ఆలయ ఆవరణలో నిలిపి, తర్వాత వచ్చినప్పుడల్లా నీళ్లు పోసి, పూలు పెట్టి వెళతారు. కొందరు బిడ్డకు మరణానంతర నామం కూడా పెట్టిస్తారు.

పితృదేవతలను తలచే ఒబోన్ రోజుల్లో, వసంత, శరద్ విషువాల నాటి 'హిగన్' రోజుల్లో రద్దీ ఎక్కువ. ప్రతి నెలా 24వ తేదీ జిజోకు ప్రీతికరమైనది. క్యోటో పరిసరాల్లో ఆగస్టు 24 దగ్గర పడే 'జిజో బోన్' నాడు వీధి జిజోలను కడిగి, రంగులు పూసి, పిల్లలకు మిఠాయిలు పంచుతారు. మిజుకోల శోకానికి పూర్తిగా భిన్నమైన ఈ పిల్లల పండుగ కూడా అదే బోధిసత్వుడిదే. ఆలయాల్లో వేలాడదీసే చెక్క ఫలకాల మీద, సందర్శకుల కోసం పెట్టిన పుస్తకాల్లో తల్లిదండ్రులు బిడ్డనుద్దేశించి రాస్తారు. వాటిలో తరచుగా కనిపించేది క్షమాపణ. ఆ తర్వాత ఇంట్లో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కబుర్లు.

ప్రధాన క్షేత్రాలు

టోక్యో టవర్ పక్కనున్న జోజో-జి జోదో శాఖకు ప్రధానాలయాల్లో ఒకటి. ఎడో కాలాన్ని ఏలిన తొకుగవ షోగన్లలో ఆరుగురి సమాధులు ఇక్కడే ఉన్నాయి. దారి పొడవునా ఎర్ర టోపీలతో, కాగితపు చక్రాలతో నిలబడ్డ జిజోల వరస విదేశీ యాత్రికులకు బాగా పరిచితం. కమకురలోని హసెదెర 9 మీటర్లకు మించిన, కరుణామూర్తి కన్నోన్ బోధిసత్వుడి దారుశిల్పానికి పేరుపొందింది. అక్కడి జిజో మందిరం చుట్టూ వెయ్యి దాకా చిన్న విగ్రహాలుంటాయి. కొత్తవారికి చోటు ఇవ్వడానికి వాటిని కొంతకాలం తర్వాత తీసేస్తారు. క్యోటోలోని అదషినో నెన్‌బుత్సు-జిలో ఎవరూ పట్టించుకోని పాత సమాధిరాళ్లు, బుద్ధ శిల్పాలు సుమారు 8 వేలు ఒకచోట చేర్చారు. ఆగస్టు చివర వాటి మధ్య వేల కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఆలయంలోనూ మిజుకో జిజో ఉన్నాడు. ఎకో-ఇన్, ఒసొరెజన్, చిచిబు క్షేత్రాల సంగతి పైన చెప్పినదే.

పిల్లల రక్షణకు జపాన్ బౌద్ధంలో జిజో ఒక్కడే దిక్కు కాదు. కన్నోన్‌కూ మిజుకో రూపం ఉంది. కిషిమొజిన్ పేరుతో పూజలందుకునే దేవత మన హారీతి. నాగార్జునకొండ బౌద్ధ క్షేత్రంలో ఆలయం ఉన్న ఆ హారీతికే టోక్యోలోని జోషిగయలోనూ ఆలయం ఉంది.

విమర్శలు, శాఖాభేదాలు

1970, 80లలో పత్రికల ప్రకటనలు, సోదె చెప్పేవాళ్లు, కొన్ని ఆలయాలు ఒక భయాన్ని ప్రచారం చేశాయి. కర్మ చేయించని మిజుకో ఆత్మ తల్లికి రోగాలు, పుట్టిన పిల్లలకు కష్టాలు తెస్తుందని, దీనికి 'తతరి' అంటే మృతుల ఆగ్రహం కారణమని చెప్పేవారు. విగ్రహాలకు, కర్మలకు భారీగా రుసుము వసూలు చేసిన చోట్లా ఉన్నాయి. భయపెట్టి సొమ్ము చేసుకుంటున్నారని పత్రికలు దుయ్యబట్టాయి. స్త్రీవాదులు మరో ప్రశ్న వేశారు: గర్భానికి కారకుడైన పురుషుడు, చట్టం చేసిన రాజ్యం పక్కకు తప్పుకొని, పాపభారమంతా తల్లి నెత్తిన ఎందుకు పడాలి?

శాఖల వైఖరి ఒక్కటిగా లేదు. జోదో, షింగోన్, తెందై, సోతో, నిచిరెన్ శాఖల ఆలయాల్లో ఈ కర్మ జరిపేవి చాలా ఉన్నాయి. జోదో షిన్‌షూ శాఖ మాత్రం దీన్ని సిద్ధాంతరీత్యా అంగీకరించదు. అమిదా బుద్ధుడి కరుణ అందరినీ చేరదీస్తుందని, మృతులు పగబడతారన్న మాట బౌద్ధం కాదని ఆ శాఖ వాదన. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకం గర్భవిచ్ఛిత్తిని ప్రాణహింసగానే చూస్తుంది. అందులో సాయపడిన భిక్షువు సంఘం నుంచి వెలివేతకు అర్హుడు. జపాన్ బౌద్ధ సంస్థలు చట్టాన్ని మార్చమని పెద్దగా పోరాడలేదు, ఆ పనిని మంచిదనీ అనలేదు. పోయిన బిడ్డకు, మిగిలిన తల్లికి ఏం చేయాలన్న దాని మీదే దృష్టి పెట్టాయి.

పండితుల అధ్యయనాలు

ఈ ఆచారాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై అమెరికా పండితుల్లో పెద్ద చర్చ నడిచింది. విలియం లాఫ్లర్ 1992లో తెచ్చిన 'లిక్విడ్ లైఫ్' గ్రంథంలో, తప్పనిసరి అయిన దుఃఖాన్ని సమాజం చీలిపోకుండా మోయడానికి జపనీయులకు ఈ కర్మ సాయపడిందని వాదించారు. హెలెన్ హార్డాకర్ 1997 నాటి గ్రంథంలో దీనికి ఎదురు నిలిచారు. పిండాన్ని తల్లికి శత్రువుగా చిత్రించిన వ్యాపార ప్రచారమే ఈ ఆచారాన్ని పెంచిందని, పాత సంప్రదాయంతో దాని బంధం బలహీనమని ఆమె నిర్ణయం. బార్డ్‌వెల్ స్మిత్ 2013 గ్రంథంలో స్త్రీల అనుభవాలకే పెద్దపీట వేశారు. అదే ఏడాది ఫాబియన్ డ్రిక్స్‌లర్ మాబికి చరిత్రను వెలికితెచ్చారు. లాఫ్లర్ చెప్పిన ఊరట, హార్డాకర్ చూపిన దోపిడీ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఒకే ఆలయ ప్రాంగణంలో రెండూ జరగవచ్చు, జరిగాయి కూడా.

జపాన్ వెలుపల

తైవాన్‌లో పిండాల ఆత్మలకు శాంతి చేయించే ఆచారం జపాన్ ప్రభావంతో 1970లలో మొదలై పెరిగింది. అమెరికాలో జెన్ కేంద్రాలు దీన్ని మరో దారి పట్టించాయి. ఓరెగాన్‌లోని గ్రేట్ వౌ జెన్ ఆశ్రమ గురువు, పిల్లల వైద్యురాలు అయిన జాన్ చోజెన్ బేస్ నిర్వహించే జిజో కార్యక్రమంలో తల్లిదండ్రులు తమ చేతులతోనే చొంగగుడ్డ లాంటి చిన్న గుర్తు కుట్టి జిజోకు అర్పిస్తారు. అక్కడ ఆత్మల ఆగ్రహం ఊసు ఉండదు. మతం ఏదైనా బిడ్డను పోగొట్టుకున్నవారెవరైనా రావచ్చు. ఇదే ఆశ్రమం చొరవతో 2005లో, అణుబాంబు దాడులకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా, హిరోషిమా, నాగసాకి మృతుల కోసం 2,70,000 జిజో చిత్రాలు సేకరించాలన్న సంకల్పం సాగింది. అమెరికాలో ఈ కర్మ పరిణామాన్ని జెఫ్ విల్సన్ 2009లో గ్రంథస్థం చేశారు.

నేటి స్థితి

1948 చట్టంలోని యూజెనిక్ అంశాలను 1996లో తొలగించి 'మాతృశరీర సంరక్షణ చట్టం'గా పేరు మార్చారు. 22 వారాలకు ముందు, సాధారణంగా భర్త సమ్మతితో గర్భవిచ్ఛిత్తికి వీలుంది. గర్భస్రావపు మాత్రకు 2023లో అనుమతి వచ్చింది. 12 వారాలు దాటిన పిండం పోతే మృతజననంగా నమోదు చేయించి, అంత్యక్రియలు జరపాలని నిబంధన. నమోదైన గర్భవిచ్ఛిత్తులు 2020 నాటికి సుమారు 1 లక్షా 41 వేలకు, అంటే 1955లో ఉన్నదానిలో ఎనిమిదో వంతుకు తగ్గాయి. తతరి భయం చూపే ప్రకటనల జోరు తగ్గింది. తానుగా కడుపు పోయినవారు, సంతాన చికిత్స ఫలించనివారు కూడా ఇప్పుడు ఈ ఆలయాలకు వస్తున్నారు. పాపభీతితో విస్తరించిన ఆచారం క్రమంగా సంతాప కర్మగా మారుతోంది.

జోజో-జి, హసెదెర వంటి చోట్లకు వెళ్లే యాత్రికులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ విగ్రహాలు అలంకారానికి పెట్టినవి కావు, ఒక్కొక్కటి ఒక కుటుంబానిది. వాటిని గానీ, వాటి ముందున్న బొమ్మలను గానీ తాకకూడదు. ఫొటో తీసేముందు ఆలయ నిబంధనలు తెలుసుకోవాలి.